పాస్‌పోర్టు చేతిలో లేని పన్నెండు రోజులు

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చిన ఏడాది, వానాకాలం చివర్లో, నేను మస్కట్‌లో సీనియర్ కమిషనింగ్ ఇంజనీరుని. సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మర్ బిగించేవాళ్లు వేరు. నూనె, రిలేలు, ఎర్తింగు పరీక్షించి, మొదటిసారి కరెంటు ఎక్కించి, బాధ్యత మాదని సంతకం పెట్టి వచ్చేవాళ్లం మేము. ఒక్కో చోట పది రోజులు, మహా అయితే నెల. పంతొమ్మిదేళ్లలో ముప్పై ఒక్క దేశాలు చూశాను. పని మీద పోయానని అందరికీ చెప్పుకున్నాను గానీ, సగం ఊళ్లకు నేనే అడిగి పోయాను. కాలుగాలిన పిల్లికి జీతం కూడా ఇస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది నా సంగతి.

మా అన్న యాదగిరికి దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం. మగ్గం మీద మా నాయన నేసిన చీరలతో మొదలైన దుకాణం అది. నన్ను ఇంజనీరింగు చదివించింది అన్నే. రెండు కిడ్నీలూ చెడిపోయి వారానికి మూడుసార్లు ఎల్బీ నగర్‌లో డయాలిసిస్‌కు పోయేవాడు. పరీక్షల్లో నా కిడ్నీ సరిపోయింది. నా భార్య కూడా ఒప్పుకుని సంతకం చేసింది. రెండు వారాల్లో ఎప్పుడైనా పిలుస్తామని, పిలిచిన వెంటనే రావాలని డాక్టరు చెప్పాడు. పని అప్పగించి వస్తానని మస్కట్ వెళ్లాను. సెలవు ముందే మంజూరైంది.

అక్కడ మా ఉద్యోగంలో ఒక అలవాటు ఉంది. నెలకో దేశం తిరిగేవాడి పాస్‌పోర్టు వాడి దగ్గర ఉండదు. ఒక ప్రయాణం ముగియగానే తర్వాతి వీసా కోసం ఆఫీసులో ఇచ్చేస్తాడు. వీసాల పని చూసే ఉద్యోగి దాన్ని ఎంబసీల చుట్టూ తిప్పుతుంటాడు. నేను మస్కట్ చేరిన మూడో రోజున ఆఫ్రికా పడమటి తీరంలో ఒక పని వచ్చింది. నేను చూడని దేశం. దానికి జూనియర్ ఒకణ్ని పెట్టారు. ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు నన్ను సైట్లకు పంపరని నాకు తెలుసు. ఇదే ఆఖరి అవకాశమేమో అనిపించి, అతని బదులు నేను పోతానని మేనేజరును అడిగాను. ఆరు రోజుల పని, వెంటనే తిరిగొచ్చి విమానం ఎక్కేయొచ్చని లెక్క వేసుకున్నాను. ఆ దేశపు ఎంబసీ మస్కట్‌లో లేదు. పాస్‌పోర్టు కొరియర్లో మరో రాజధానికి వెళ్లింది.

అది వెళ్లిన మర్నాడే వదిన సుగుణమ్మ ఫోను చేసింది. సోమవారం దవాఖానలో చేరాలట. ఆ ఎంబసీకి పండుగ సెలవులు మొదలయ్యాయి. మా వీసాల ఉద్యోగి ఎక్కని గడప లేదు. మన ఎంబసీకి నేనే పోయాను. పాస్‌పోర్టు పోతే తాత్కాలిక పత్రం ఇస్తామన్నారు, నాది పోలేదు కదా అన్నారు. వాళ్లన్నది నిజమే. అన్నకు సరిపోయే కిడ్నీ ఒంట్లో పెట్టుకుని మస్కట్ గదిలో కూర్చున్నాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందు ఎన్నడూ వేయలేదు.

అన్నతో ఫోనులో అబద్ధం చెప్పాను. కంపెనీవాళ్లు నాకు చెప్పకుండానే పాస్‌పోర్టు వీసాకు పంపారన్నాను.

"నువ్వేం జేస్తవ్ తమ్మీ, నౌకరి గట్లాంటిది. పరేషాన్ గాకు. వారం అటో ఇటో," అన్నాడు.

పాస్‌పోర్టు పన్నెండో రోజున వచ్చింది. అదే రాత్రి బయల్దేరి తెల్లారేసరికి ఎల్బీ నగర్ చేరాను. అప్పటికే అన్నకు డయాలిసిస్ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి, గుండె కవాటానికి పాకింది. ముందు అది తగ్గాలన్నారు. తగ్గింది గానీ, కిడ్నీ మార్పిడి ఆపరేషన్‌ను ఆయన గుండె తట్టుకోదని తేల్చారు. అన్న పద్నాలుగు నెలలు బతికాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ, నా తమ్ముడు ఇస్తనన్నడు, కంపెనోళ్లే రానియ్యలేదు అని చెప్పేవాడు. నేను పక్కనే ఉండి వినేవాణ్ని.

రిటైరై నాగోల్‌లో ఫ్లాటు తీసుకున్నాక ఒక రోజు పగటిపూట వదిన దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆ పని నేనే అడిగి తీసుకున్నానన్నాను. ఆమె మడత పెడుతున్న చీరను ఒళ్లో పెట్టుకుంది.

"మీ అన్న నిన్ను నమ్మి పోయిండు. నేను గూడ గట్లనే పోదును గదా. ఇప్పుడెందుకు చెప్తివి?" అంది.

ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అప్పటి నుంచి నాతో అవసరమైన మేరకే మాట్లాడుతుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒకరికి మాటిచ్చిన తేదీ ముందుంటే పాస్‌పోర్టు చేతిలోంచి వదలకూడదు. వదిలితే, వదిలింది నేనేనని ఆ రోజే చెప్పాలి. నేను చెప్పడానికి పోయే నాటికి, వినాల్సినవాడు లేడు.