పెద్దమ్మను నేను దవాఖానకు తీసుకెళ్లిన వైనం

ఆ రోజుల్లో నా మీద నాకు చాలా గౌరవం ఉండేది. కోనసీమ నుంచి వచ్చి రాయదుర్గంలో ఓ అద్దాల మేడలో ఉద్యోగం సంపాదించినవాణ్ణి; మెడలో ట్యాగు, ఆరడుగుల పొడుగు, ఇస్త్రీ చొక్కా. మా ఊళ్లో అందరూ నేను కంప్యూటర్ల ముందు కూర్చుంటాననుకునేవారు. నిజానికి నా పని ఆ కంప్యూటర్ల కింద నేల శుభ్రంగా ఉందా, ఏసీ నడుస్తోందా, బాత్రూముల్లో సబ్బు అయిపోయిందా అని చూసుకోవడం. (దీనికి ఇంగ్లీషులో ఓ గంభీరమైన పేరుంది. పెళ్లిసంబంధాలవాళ్లకి మా అమ్మ ఆ పేరే చెప్పేది, అర్థం మాత్రం చెప్పేది కాదు.) ఇరవైల్లో ఉన్న మనిషికి పొడుగూ ధైర్యమూ ఒకటేనన్న భ్రమ ఉంటుంది కదా, నాకది కాస్త ఎక్కువగానే ఉండేది.

మా అంతస్తులు ఊడ్చి తుడిచే ఆడవాళ్లలో అందరికంటే పెద్దావిడ రోజూ లింగంపల్లి నుంచి వచ్చేది. అందరూ పెద్దమ్మ అనేవారు, నేనూ అంతే. మెట్లన్నీ ఆమె వంతు. నేను కనబడితే చాలు, "తిన్నవా సారూ? మొకం గిట్ల పీక్కపోయింది" అనేది. హాస్టల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేక, నేను పని లేకపోయినా మెట్లవైపు వెళ్తుండేవాణ్ణి. అలా వెళ్లిన ఒకరోజు పెద్దమ్మ మెట్ల మలుపులో కూర్చుని కనిపించింది. తుడుపు కర్ర పక్కన పడి ఉంది. ఒక చెయ్యి గుండెల మీద ఉంది, ఊపిరి కోసం నోరు తెరిచి ఉంది. నన్ను చూడగానే కర్ర అందుకుని లేవబోయింది.

"ఏమైందండీ పెద్దమ్మా?" అన్నాను కంగారుగా.

"ఏం కాలే సారు. జర దమ్ము తీసుకుంటున్న."

ఈ దమ్ము తీసుకోవడం చాన్నాళ్లుగా సాగుతోందని తోటివాళ్లు తర్వాత చెప్పారు. దవాఖానకు వెళ్లమంటే వినదట. ఎందుకని నేను గుచ్చి గుచ్చి అడిగితే, చివరికి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పోతె ఏదో ఒక రోగం ఉన్నదంటరు. రోగం ఉన్నదని తెలిస్తె కాంట్రాక్టరు ఇగ రావద్దంటడు. ఇంట్ల కూసుంటె నాకెట్ల ఎల్తది సారు?"

అలాంటి మాట విన్నప్పుడు కుర్రవాళ్లు చేసే పనే నేనూ చేశాను, అంటే పౌరుషానికి పోయాను. "అయితే మీకంటే ముందు నేను చేయించుకుంటానండి పరీక్షలు! నాకేం తేలినా ఆఫీసంతటికీ నేనే చెబుతాను. నన్నెవరు తీసేస్తారో చూద్దాం!" మా పైఅధికారిణి గుంటూరు మేడం సంగతి విని, "తీసుకెళ్లండి. ఆ పూట డ్యూటీలోనే ఉన్నట్టు లెక్క" అన్నారు. పెద్దమ్మ కొంగు దోపుకుని బయలుదేరింది. నా పౌరుషం మీద నమ్మకంతో కాదు, నేనొక్కణ్ణే వెళ్తే తప్పిపోతానేమోనని.

టవర్ల వెనక సందుల్లోకి దిగితే బస్తీ దవాఖాన ఉంది, వాడవాళ్ల కోసం సర్కారు పెట్టిన చిన్న ఆసుపత్రి. రెండు గదులు, బయట బెంచీలు. చంటిపిల్లల తల్లులు, పాదానికి కట్టు కట్టించుకుంటున్న మేస్త్రీ, దగ్గుతున్న ముసలాయన ఒకరు. ఎదురుగా టిఫిన్ బండి. మా వంతు రాగానే నేను చొక్కా సర్దుకుని ముందుకు వెళ్లి, "నాకు చేయండి సిస్టర్, పెద్దమ్మ చూస్తారు" అన్నాను, పతాకం ఎగరేయబోతున్నవాడిలా. సిస్టర్ నా వేలు పట్టుకుంది. షుగరు పరీక్ష. వేలి కొసన చిన్న పోటు. ఎర్రటి చుక్క ఒకటి మెల్లగా ఉబ్బింది. దాన్ని చూడకుండా ఉండాల్సింది. చూశాను.

ఆ తర్వాతి సంగతి నేను చూసింది కాదు, చూసినవాళ్లు చెప్పింది. (అందరూ చెప్పారు. అడగనివాళ్లు కూడా చెప్పారు.) గోడకి ఆనించిన నిచ్చెన జారినట్టు నిలువునా జారానట. మేస్త్రీ కట్టుకాలుతోనే గెంతి నా తల పట్టుకున్నాడట. కళ్లు తెరిచేసరికి పెద్దమ్మ ఒళ్లో ఉన్నాను. మొహమంతా నీళ్లు. ఆమె కొంగుతో విసురుతూ, "ఓ కొడుకా, కండ్లు తెరువు బిడ్డా! మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె!" అంటోంది. అప్పటిదాకా సారుని. ఆ ఒక్క పడడంతో కొడుకునైపోయాను.

"ఏం కాలేదమ్మా, సూదికి భయపడ్డడు, అంతే" అంది సిస్టర్.

"వేలికే గిట్లైతే దండకు పొడిస్తె ఏమైతుండెనో" అన్నాడు ముసలాయన, దగ్గు ఆపి, తన భుజం కింద తట్టి చూపిస్తూ మరీ.

పెద్దమ్మ నా తలను మేస్త్రీకి అప్పగించి, టిఫిన్ బండి దగ్గరికి ఉరికింది, చక్కెర ఎక్కువ వేయించి చాయ్ తేవడానికి. తెచ్చింది. తెచ్చి నా చేతికిచ్చి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మాట రావడం లేదు. చెయ్యి గుండెల మీద ఉంది. లోపలి నుంచి డాక్టరమ్మ నన్ను చూడడానికే వచ్చింది గానీ, నన్ను దాటేసి వెళ్లి ఆమెను పట్టుకుంది. "బాబు బాగనే ఉన్నడు. ముందు నువ్వు కూసో అమ్మా."

"నాకెందుకమ్మా, పిలగాన్ని సూడు..."

డాక్టరమ్మ బీపీ చూసింది. రెండో చేతికి పట్టీ కట్టి మళ్లీ చూసింది. "ఇన్ని రోజులు మెట్లెట్ల ఎక్కినవమ్మా?" అంది మెల్లగా. ఆ మెల్లదనానికి నేను చాయ్ పక్కన పెట్టి లేచి కూర్చున్నాను. వెంటనే పెద్ద సర్కారు దవాఖానకు చీటీ రాసిచ్చింది, గుండె చూపించమని. ఆటోలో దారి పొడుగునా పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. ధైర్యం కోసమనుకున్నాను. "మల్ల పడ్తవేమో" అంది.

అక్కడ నాలుగు రోజులు ఉంచుకున్నారు. గుండె బాగా అలసిపోయిందనీ, ఇంకొన్నాళ్లు అలాగే మెట్లెక్కి ఉంటే చెప్పలేకపోయేవాళ్లమనీ అన్నారు. రోజూ మాత్రలు వేసుకోవాలి. అవి మా బస్తీ దవాఖానలోనే ఉచితంగా ఇస్తారు. పెద్దమ్మకు వీటిలో దేనికీ ఏడుపు రాలేదు గానీ, "పనికి పోవచ్చు, బరువు పనులు మాత్రం వద్దు" అన్నప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుంది.

ఆమె పనిలోకి తిరిగొచ్చిన రోజునే కాంట్రాక్టరు మా ఆఫీసుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఇసొంటోళ్లతోని నాకు పరేషాన్ అయితది మేడం. రేపేమన్న అయితె ఎవ్వరు జిమ్మేదారి?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని ఏదో ఉపన్యాసం మొదలుపెట్టేలోపు, అద్దం తుడుస్తున్న ఓ చిన్నావిడ వెనక్కి తిరక్కుండానే అంది: "సూదికి పడ్డ సారునేమో ఉంచుకున్నరు. సూదికి నిలవడ్డ పెద్దమ్మనేమో తీసేస్తరా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేక. మేడం మాత్రం నవ్వలేదు. "నేనూ రోజూ బీపీ మాత్ర వేసుకునే వస్తున్నానండీ. మరి నన్నేం చేద్దామంటారు?" అన్నారు. కాంట్రాక్టరు నేల చూపులు చూశాడు. పెద్దమ్మకు మెట్ల పని తప్పి, చాయ్ కప్పుల గది వచ్చింది.

ఆ తర్వాత మిగిలిన ఆడవాళ్లూ ఇద్దరిద్దరుగా దవాఖానకు వెళ్లి చూపించుకొచ్చారు. ఆరోగ్యం మీద నేనిచ్చిన స్ఫూర్తిదాయకమైన ఉపన్యాసాల ఫలితం కాదు సుమా. నేను పడిన చోటు చూడాలని. సిస్టర్ చూపించేదట కూడా.

నేను చాలా ఉద్యోగాలు మారాను. ఈమధ్య లింగంపల్లి స్టేషన్లో రైలు కోసం నిలబడితే వెనక నుంచి ఎవరో భుజం మీద తట్టారు. పెద్దమ్మ! జుట్టంతా తెల్లబడింది, మనిషి మాత్రం నిటారుగా ఉంది. పక్కన కోడలు. "గీ సారే! నేను మెట్ల మీద పడిపోతె, పొడుగు మనిషి గదా, అమాంతం ఎత్తుకొని దవాఖానకు ఉరికిండు. భయమంటె ఎరుగడు" అని పరిచయం చేసింది. కోడలు నాకు రెండు చేతులూ జోడించింది. నిజం చెబుదామని నోరు తెరిచాను. పెద్దమ్మ కళ్లలో చిలిపితనం కోసం వెతికాను, ఇసుమంతైనా లేదు. ఆమెకు గుర్తున్నది అదే. ఆ పూట ఆమె ఒళ్లో పడుకున్న సన్నటి కుర్రాడు, పొట్ట పెరిగిన నాలోంచి ఎక్కడో ఇబ్బందిగా కదిలాడు. రైలు వచ్చేసింది. నేను కాస్త నిటారుగా నిలబడి, "అంతేముందిలెండి" అన్నాను.