మూడో దిమ్మ

మైదుకూరు దగ్గర డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. నా పక్కనున్న అమ్మాయి కాళ్ల దగ్గరి తడి గోనెసంచి జారి బస్సు మెట్ల మీద పడింది. అందులోని మూడు కాంక్రీటు దిమ్మల్లో ఒకదాని మూల విరిగింది.

కర్నూలు నుంచి ఆమె వాటి మీద నీళ్లు చల్లుతూనే ఉంది. సిమెంటు కొంత తగ్గించి, మంగంపేట ముగ్గురాయి పొడి కలిపి పోసిన దిమ్మలట. పోసిన ఇరవై ఎనిమిదో రోజునే పరీక్షించాలట, అది ఆ రోజే. ఆ సాయంత్రంలోగా కడపలో మిషన్ కింద పెట్టి బలం చూడాలి. మూడూ నిలిస్తేనే ఆమెను పీహెచ్‌డీకి తీసుకుంటానన్నాడట గైడు.

"రోంత సిమెంటు పూసెయ్ పాపా, ఎవురికి తెలుస్తాది?" అన్నాడు వెనక సీటు మేస్త్రి. విలేకరినైన నేనూ పూసెయ్యమనే అన్నాను.

"పెద్దాయనా, నువ్వు కట్టిన ఇండ్లకూ ఇట్లనే పూసినావా?" అంది ఆ అమ్మాయి.

చుట్టూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చున్నీతో దిమ్మ తుడిచి, దాని మీద "బస్సులో పడింది" అని మార్కర్‌తో రాసింది.

"నీ సీటు నువ్వే పోగొట్టుకుంటాండావు," అన్నాడు మేస్త్రి.

కడపలో సంచి దింపడానికి ఓ చెయ్యి వేశాను. పేరు అడగలేదు. ఆ తర్వాత నా వార్తల్లో "నిర్ధారణ కాలేదు" అన్న మాట ఎక్కువైందని డెస్కులో విసుక్కునేవారు.

మూల విరిగిన ఆ మూడో దిమ్మను గైడు లెక్కలోకి తీసుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.