బామ్మ మడిలో కరెంటు

మెట్రో ఇంకా ఉత్తరాదిలోని మా వైశాలిదాకా రాని ఆ రోజుల్లో పెద్దవాళ్ళు ఏం చెప్పినా నమ్మేసేదాన్ని. మడిలో కరెంటు ఉంటుందని కూడా నమ్మాను. ఆ చలికాలం బామ్మ మొదటిసారి అమలాపురం నుంచి మా దగ్గరికి వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, ఉన్ని ధావళి కట్టుకుని, నైలాన్ తివాచీ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని జపం చేసుకునేది. వంటయ్యేదాకా ఎవరూ తాకకూడదు. ఆరో క్లాసు చదివే నేనేమో స్కూలు బస్సు హడావుడిలో రోజూ రాసుకుపోయేదాన్ని. (రెండు గదుల కొంపలో ఎటు తప్పుకోను?) "ఈ ఊళ్ళో మడీ లేదు, మన్నూ లేదు. నన్ను రైలెక్కించెయ్యరా," అని నాన్నతో ఒకటే పోరు. బామ్మ వెళ్ళిపోతే నాకు జడ వేసి, ఆవకాయ ముద్దలు కలిపి పెట్టేదెవరు? తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

ఒకరోజు ఆవిడ కుర్చీలోంచి లేవడం, నేను బ్యాగు కోసం పరిగెత్తుతూ ఆవిడ మోచేతికి తగలడం ఒకేసారి జరిగాయి. చిటుక్కుమంది. నేను కెవ్వుమన్నాను. "చూశావుటే! మడి ముట్టుకుంటే ఇంతే మరి," అంది బామ్మ విజయగర్వంతో. పక్కింటి ఆంటీ కూడా వచ్చి తాకి చూసి, "హాయ్ రామ్, మాతాజీ మే శక్తి హై!" అని దండం పెట్టి వెళ్ళింది. ఆ తరవాత రైలు మాట వినపడలేదు.

అంతలో మా సైన్సు మేడమ్ ప్లాస్టిక్ స్కేలును స్వెటరుకు రుద్ది కాగితం ముక్కల్ని ఎగరేయించింది. పొడిగాలిలో ఉన్నీ, ప్లాస్టిక్కూ రాసుకుంటే విద్యుదావేశం పోగవుతుందనీ, ఇంకొకరిని తాకగానే దూకేస్తుందనీ చెప్పింది. బస్సులో దారిపొడుగునా ఉపన్యాసం తయారుచేసుకున్నాను. (అప్పట్లో మా ఇంటి మొత్తానికి శాస్త్రవేత్తను నేనే.) తీరా ఇంటికొచ్చేసరికి బామ్మ అమ్మతో, "ఈ ఊరే నయమే, నా మడికి విలువుంది," అంటోంది. ఉపన్యాసం మింగేశాను.

ఫిబ్రవరిలో ముసురు పట్టి గాలి చెమ్మగిల్లింది. ఆ పొద్దున బామ్మకు తగిలితే చిటుక్కూ లేదు, ఏమీ లేదు. మళ్ళీ రైలంటుందేమోనని భయమేసింది. "అమ్మో, షాక్! బహుత్ జోర్ సే, బామ్మా!" అని గెంతులేశాను. బామ్మ నన్ను మడితోనే దగ్గరికి లాక్కుంది.

"చాల్లే వేషాలు. తగిల్తే ఇద్దరికీ తగుల్తుందే, పిచ్చిపిల్లా. చలికాలమంతా నా మోచెయ్యి చురుక్కుమనలేదనుకున్నావా?"

"అయితే వెళ్ళిపోతావా?"

"ఎక్కడికే? నీకు జడెవరు వేస్తారు?"

ఆ చలిలో రెండోసారి స్నానం చేయాల్సి వచ్చినా బామ్మ నన్నేమీ అనలేదు. ఆవిడను నమ్మించేశాననుకుని గెంతిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బామ్మ మీద బెంగ కూడా వస్తుంది.