ఇరవై ఒకటి ఆటకు మంచి పుస్తకం

మా ఆయన సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫరు. నేను వెంగళరావు నగర్‌లో ఒక బడిలో లెక్కల టీచరును. తొంభైల మొదట్లో ఫిలింనగర్ వాలులో, బండరాళ్ల మధ్య కట్టిన రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఆయన పొద్దున్నే యూనిట్ వ్యానెక్కితే ఎప్పుడు దిగుతారో ఆయనకే తెలియదు. పని లేని రోజు కృష్ణానగర్‌లో స్నేహితులతో రమ్మీ. పెళ్లయి నాలుగేళ్లయినా మేమిద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్న సాయంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అంతవరకూ కెమెరా అద్దెకు తెచ్చుకుని పనిచేసిన మనిషి, ఆ ఏడాదే సొంతంగా ఒకటి కొనుక్కున్నారు. దాన్ని బీరువాలో నా పట్టుచీరల పక్కన పెట్టేవారు.

ఒక పాట షూటింగుకు ఖాట్మండు వెళ్లి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చారు. అక్కడి హోటల్లో జూదశాల ఉందట. బ్లాక్‌జాక్ అనే ఇరవై ఒకటి ఆట ఆడి బత్తా అంతా పోగొట్టుకున్నారు. ముక్కల మొత్తం ఇరవై ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది, దాటిందా పోయినట్టే. నేను దులిపేశాను. ఆయన బాధ డబ్బు పోయినందుకు కాదు, ఆట రానందుకు.

"రమ్మీలో నన్ను కొట్టినవాడు లేడు. ఇది తెలీక ఓడిపోయాను. మూడు నెలల్లో మళ్లీ అక్కడే షెడ్యూలుంది. లెక్కల టీచరువి కదా, నువ్వు నేర్పకూడదూ?" అన్నారు.

పెళ్లయ్యాక ఆయన నన్ను అడిగిన మొదటి సాయం అది. కాదనలేకపోయాను.

ముందు ఆయనే ఊరంతా సలహాలు పోగుచేసుకొచ్చారు. ఫైట్ మాస్టరు దగ్గర పనిచేసే ఒకాయన, పదిహేను దాటితే ముక్క ముట్టుకోవద్దన్నాడట. మేకప్ అతను, వరసగా మూడాటలు పోతే నాలుగోది గెలుపేనన్నాడట. అదీ చాలక వీడియో లైబ్రరీ నుంచి ఇంగ్లీషు సినిమాల క్యాసెట్లు తెచ్చి, జూదం సీను వచ్చినప్పుడల్లా ఆపి ఆపి చూశారు.

"ఆ ముక్కలు డైరెక్టరు చెప్పినట్టు పడతాయండీ. సినిమావాళ్లు, ఆ మాత్రం మీకు తెలీదా?" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

చివరికి ఒక ఆదివారం నేనే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఈ ఆట గురించినవి వెతకడానికి వెళ్లాను. మొదట చేతికొచ్చినది వారంలో ధనవంతుల్ని చేస్తానంది. పక్కన పడేశాను. రెండోది ఏం చెయ్యాలో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. గైడు చూసి పాసయ్యే పిల్లలకు పనికొస్తుంది, నాకు కాదు. మూడోది పల్చటి పుస్తకం, అట్ట కూడా లేదు. మధ్యలో ఒక పట్టిక. మన చేతిలో ఎంత ఉంది, జూదశాల తరఫున ఆడించేవాడి ముక్కల్లో పైకి కనిపించేది ఏది, ఆ రెంటినీ బట్టి ఇంకో ముక్క అడగాలా ఆగాలా అన్నది గడిగడికీ రాసి ఉంది. ప్రతిదానికీ కారణం ఇచ్చారు. వారం రోజులు నాకు నేనే ముక్కలు పంచుకుని, నోటు పుస్తకంలో రాసుకుని చూశాను. పట్టిక మాటే నెగ్గుతోంది.

ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. పట్టికను పెద్ద అట్ట మీద రంగు పెన్సిళ్లతో గీశాను. చింతపిక్కలే పందెం. రమ్మీ అలవాటు కొద్దీ ముక్కలు గుండెకు హత్తుకుని దాచుకునేవారు. ఇక్కడ దాచుకోవడానికేమీ లేదని ఎన్నిసార్లు చెప్పానో!

"నాది పదహారు, అవతల పది. ఆగితే?"

"ఎక్కువసార్లు పోతుంది."

"తీసుకుంటే?"

"అప్పుడూ పోతుంది. కాస్త తక్కువగా."

"ఇదేం శాస్త్రమే?" అని తల పట్టుకునేవారు.

షేక్‌పేట నుంచి వచ్చి స్థిరపడ్డ మా ఇంటి ఓనరమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "గిదేంది టీచరమ్మా, పొద్దుగూకంగనే పేకలు షురూ జేస్తుండ్రు?" అని బుగ్గలు నొక్కుకునేది. నాకు సిగ్గూ వేసేది, గర్వంగానూ ఉండేది. ఆయన షూటింగు అయిపోగానే తిన్నగా ఇంటికి వస్తున్నారు మరి. కృష్ణానగర్ మాటే లేదు.

రెండో వారంలో పుస్తకం చివరి అధ్యాయం చదివాను. పట్టికను తు.చ. తప్పకుండా పాటించినా, ఆడగా ఆడగా మిగిలేది ఆడించేవాడికేనని రాసి ఉంది. ఈ విద్య ఓటమిని నెమ్మదిగా నడిపిస్తుందే తప్ప ఆపదని, పోతే తట్టుకోలేనిది వెంట ఉంటే ఆ గడప తొక్కవద్దని ఉంది. ఆ పేజీ ఆయనకు చదివి వినిపించలేదు. వినిపిస్తే పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆ సాయంత్రాలు నాకు కావాలి. ఉన్న మాట ఇది.

ఆయన ఖాట్మండు వెళ్లారు, పదిరోజులకు వచ్చారు. సంచీ సర్దబోతే కెమెరా కనబడలేదు. అడిగాను. అక్కడే అమ్మేశానన్నారు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మంచం అంచున కూర్చుని అన్నీ పడ్డారు.

"ఒక్క తప్పు కూడా చెయ్యలేదు, తెలుసా? నువ్వు నేర్పినట్టే ఆడాను. పట్టికలో ఎక్కడైనా పొరపాటుందేమో చూడు" అన్నారు. పరీక్ష తప్పి, పేపరు మళ్లీ దిద్దమని వచ్చిన పిల్లాడిలా ఉన్నారు.

నా కోపం చప్పబడిపోయింది. పుస్తకం తీసి, చివరి అధ్యాయం తెలుగులో చెప్పాను.

"ఇది ఇప్పుడే చూశావా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "రెండో వారంలోనే చదివాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు మళ్లీ సాయంత్రాలు ఇంటికి రారని."

కెమెరా అమ్ముకున్నది ఆయన. ఆ తప్పు ఈరోజుకీ నా నెత్తిన వేసుకోను. అయినా ఆయన నావైపు చూసిన చూపుకు తలెత్తలేకపోయాను. ఆ చూపులో కోపం లేదు.

"పేకాట కోసమే వస్తున్నాననుకున్నావా?" అన్నారు.

అవును, అలాగే అనుకున్నాను.