నూనె డబ్బాల్లో మంచు

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కల గాలితో టోపీలు ఎగరగొట్టి వెళ్లిపోయింది. అక్టోబరు చివర. ఎత్తు పన్నెండు వేల అడుగులు. మూడు బంకర్లు, ఒక వంటగది, ఒక రేడియో గది. ఉత్తరాన శత్రువు. మిగతా మూడు దిక్కులా మంచు. నా వెంట వచ్చిన సామాను: రైఫిలు, స్లీపింగ్ బ్యాగు, రెండు జతల మంచు బూట్లు, నలభై ఒక్క ఏళ్ల నడుము. మొదటి మూడింటికీ స్టోరులో సంతకం పెట్టించుకున్నారు. నాలుగోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆర్డరు చిన్నది. చలికాలం గడిచేదాకా పోస్టు నిలబెట్టాలి. కిందికి దిగాక నాకు ఇంకో పరీక్ష ఉంది. పటాలం వెయిట్‌లిఫ్టింగ్ జట్టులో నేనే పాతకాపును. మార్చిలో ఎంపిక. నూట ఇరవై కిలోలు తలమీదికి ఎత్తితే జట్టులో చోటు, దానితో పాటే రెండేళ్ల కొలువు పొడిగింపు. ఎత్తకపోతే పింఛను, సొంతూరు జమ్మికుంటకు రైలు బండి.

నూట ఇరవై నేను ఎత్తగలిగేదే. ఆరేళ్లుగా ఎత్తుతున్నదీ అదే. నా ఏడుపల్లా అదే.

ఇరవై ఏళ్లప్పుడు వారం వారం బరువు పెరిగేది. ముప్ఫైలో నెలకోసారి పెరిగేది. నలభై దాటాక ఏడాదంతా చెమటోడ్చితే పెరిగింది నా పొట్ట ఒక్కటే.

కొండ మీద బార్ లేదు, ప్లేట్లు లేవు. గుడారపు ఇనుప గొట్టం ఒకటి దొరికింది. వంటగదిలో ఖాళీ అయిన నూనె డబ్బాలకు పైమూతలు కోయించాను. వాటిలో మంచు కూరి, పార పిడితో దంచి, మగ్గుడు నీళ్లు పోసి గడ్డ కట్టించేవాళ్లం. పగటి ఎండకు కరిగినవి మళ్లీ నింపేవాళ్లం. నిండు డబ్బా పదిహేను కిలోలని మా లెక్క. తూచడానికి తక్కెడ లేదు. అటు నాలుగు, ఇటు నాలుగు డబ్బాలు కట్టి, గొట్టం భుజాలకెత్తుకుని కూర్చుని లేస్తూ బైఠకులు తీసేవాణ్ని. పైన పెంచుకోవడానికి చిన్న చిన్న పాలపొడి డబ్బాలు, ఒక్కోటి రెండున్నర కిలోలని లెక్క.

పోస్టులో ఒక ఆనవాయితీ పడింది. నేను కొత్త బరువుతో లేచిన రోజు వంటవాడు రవ్వ హల్వా చేస్తాడు. అందువల్ల నా మోకాళ్ల మీద పదిమందికీ ఆశ ఉండేది.

నవంబరులో రెండు హల్వాలు తిన్నాం. తర్వాత రెండు పాల డబ్బాల దగ్గర ఆగిపోయాను. రేడియో ఆపరేటరు ఖానాపూర్ కుర్రాడు. పొద్దున్నే కింది క్యాంపుకు రిపోర్టు చదివేవాడు.

"గాలి ఎక్కువున్నది. అవతల కదలిక లేదు. ఉస్తాద్ బరువు నిన్నటంతనే. ఓవర్."

కింది నుంచి జవాబు: "అంటే హల్వా లేనట్టే. ఓవర్."

మెడిక్ కరీంనగర్ వాడు. గోలీల పెట్టె మీద కూర్చుని నా మోకాలికి మందు రాస్తూ అన్నాడు.

"అన్నా, జర నా మాటిను. గీ ఎత్తుల తిన్న తిండి వంటికి పట్టది. నీ ఉమర్ల ఉన్నది పోకుండ కాపాడుకున్నా గెలిచినట్టే. దినాం మోసుడు బంద్ పెట్టు. ఒకనాడు మొయ్యి, రెండు రోజులు పండు."

"పంటే పెరుగుతదా?"

"పెరగది. పోదు."

ఇరవై ఆరేళ్లవాడు. సరదాకి అదే గొట్టం ఎత్తే వాడి బరువు వారం వారం పెరుగుతోంది. నాకు మండింది. "నువ్వు గోలీలు లెక్కపెట్టుకో పోరా" అన్నాను. మర్నాడు మళ్లీ మోశాను. ఆ మర్నాడూ మోశాను. లేవలేక గొట్టం కింద కూలబడితే ఆపరేటరు, వంటవాడు చెరోవైపు పట్టి తీశారు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. నా మొహం చూసి మిగతావాళ్లూ సరిగా తినలేదు.

క్రిస్‌మస్ దాటాక ఆపరేటరు వచ్చి, "అన్నా, ఇగ డబ్బాలు నేను నింపుత. నువ్వు నడుం వంచకు" అన్నాడు.

నడుము దక్కింది. బరువు కూడా కదిలింది. జనవరిలో మూడో పాల డబ్బా. పది రోజులకు నాలుగోది. ఫిబ్రవరికి ఆరు. రవ్వ అయిపోతోందని వంటవాడు తిట్టుకుంటూ కలిపేవాడు. బంద్ పెట్టమనడం మెడిక్ మానేశాడు, హల్వా తినేవాడు. ఇంటికి ఫోను దొరికిన రోజు నా భార్యతో "పెరుగుతున్ననే" అని అరిచాను.

"ఏం పెరిగింది, షుగరా?" అంది.

మార్చిలో దిగాం. దిగిన నాలుగో రోజే ఎంపిక. బలం దాచుకుందామని అప్పటిదాకా తేలిక బరువులే ముట్టాను.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. మూడు ప్రయత్నాలు. బరువు పెంచుకోవచ్చు, తగ్గించుకోవడానికి లేదు. జట్టు శిక్షకుడు సుబేదార్ సాబ్ భుజం తట్టి, "నూట ఇరవైతో మొదలుపెట్టు. ఎత్తు, వచ్చి కూర్చో" అన్నాడు.

ఆపరేటరు కూడా పక్కకు లాగాడు. "నూట ఇరవై చాలు గదా అన్నా. ఎందుకు పరేషాన్?"

"ఆరు పాల డబ్బాలు నీ కండ్ల ముంగటనే మోస్తి గదరా!"

వాడు నా చెయ్యి వదల్లేదు. "అదిగాదన్నా..." అన్నాడు. అప్పటికే నా పేరు పిలిచారు.

నూట ముప్ఫై అయిదు అడిగాను.

మొదటిసారి బార్ మోకాళ్ల దాకా వచ్చింది. రెండోసారి ఛాతీ దాకా తెచ్చాను, కింద కూర్చుండిపోయాను. మూడోసారి నేల వదల్లేదు. బార్ మీది బరువు దిగదు కాబట్టి, నేనే దిగాను.

గుడారం వెనక ఆపరేటరు ఏడుస్తున్నాడు. వాడితో మెడిక్ ఉన్నాడు.

"నీళ్లు పొయ్యలేదన్నా. దంచలేదు. మీద మీద జర గడ్డ కట్టిచ్చిన. లోపలంత పత్తి లెక్క మెత్తటి మంచే."

"ఎప్పటి సంది?"

"నేను నింపినప్పటి సంది. మొదటి వారం హల్వా కోసమే చేసినం. అబద్ధమెందుకు? ఆ తర్వాత నువ్వు నవ్వుడు మొదలుపెట్టినవ్. ఇగ ఆపబుద్ధి కాలే."

"నీకెరుకనా?" అని మెడిక్‌ని అడిగాను.

"ఎరుకనే. తక్కువ మోస్తే నీ మోకాలు బచాయిస్తదనుకున్న" అన్నాడు.

మా వైపు పత్తికి నీళ్లు కొట్టి తూకం పెంచారని తగాదాలవుతాయి. వీళ్లు నీళ్లు కొట్టకుండా నన్ను పెంచారు. కొడదామనుకున్నాను. మూడు ప్రయత్నాలూ అయిపోయిన చేతులు పైకి లేవలేదు. నూట ఇరవైతో మొదలుపెట్టి ఉంటే ఈపాటికి ఆ జట్టు యూనిఫాంలోనే ఉండేవాణ్ని. ఆ మాట వాళ్లతో అనలేదు. ఇన్నాళ్లకు మీతో అంటున్నాను.

జూన్‌లో జమ్మికుంట స్టేషన్లో దిగాను. పెట్టె మోస్తానని ఎవరో వస్తే, ఇవ్వకుండా నేనే మోశాను. బయటికి వచ్చేసరికి ఆయాసం. "అంత బరువెత్తెటోడివి, గింత పెట్టెకేనా?" అంది నా భార్య. నవ్వాను. అబద్ధపు నవ్వు ఎలా ఉంటుందో అప్పటికి బాగా నేర్చుకున్నాను.

ఊళ్లో మీరంతా తుపాకుల గురించి అడుగుతారు. పేలింది ఒకటో రెండో, అదీ దూరంగా. నాకు కళ్లు మూస్తే వచ్చేది వేరే. ఆరో పాల డబ్బా కట్టిన పొద్దు. గొట్టం భుజాల మీద ఉంది, నేను లేస్తున్నాను. ఎదురుగా పదిమంది అర్ధచంద్రంలా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అందరి చేతులకూ మందపాటి ఉన్ని తొడుగులు. చేతులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.