పెట్టెలాయన కూతురి పెట్టె

మా అన్నయ్యను వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పెట్టెలాయనే. ఇళ్ళు మారేవాళ్ళ సామాను సర్ది, కట్టి, లారీ ఎక్కించడం తన పని. గాజు బీరువా కానీయండి, ఎవరి తాతగారిదో గోడ గడియారం కానీయండి, అన్నయ్య చేతిలో పడిందంటే చుట్టూ గడ్డి, పైన గోనె, ఆ పైన తాడు. అవతలి ఊళ్ళో విప్పి చూసుకుంటే చిన్న గీత కూడా ఉండదు. ఇన్నేళ్ళలో తను కట్టిన సామానులో ఒక్క కప్పు కూడా పగల్లేదని మహా గర్వం. దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు. పెళ్ళయిన కొత్తలో వదినకు చెప్పిన మొదటి కబురు కూడా ఆ కప్పుల గురించేనట.

నేను చెల్లెల్ని. వాళ్ళింటి మేడ మీద గదిలోనే ఉంటాను కాబట్టి ఆ గొప్పలన్నీ రోజూ ఉచితంగా వింటాను. మిగతావాళ్ళలా తలూపడం మాత్రం నావల్ల కాదు. అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. అన్నయ్య సర్దిన పెట్టెను విప్పడం ఎవరికైనా వచ్చు, తిరిగి సర్దడం ఎవరికీ రాదు. ఏదో కావలసి వచ్చి దారిలో విప్పినవాళ్ళు మళ్ళీ మూత వేయబోతే, పెట్టె నిండిపోయేది, ఇంకో పెట్టెకు సరిపడా సామాను బయటే ఉండిపోయేది. అప్పుడు ఫోన్ చేసి లబోదిబోమనేవాళ్ళు. ఆ ఫోన్లు వచ్చిన రోజు అన్నయ్య రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

అలాంటి మనిషి కూతురికి మంచు కురిసే ఊళ్ళో కాలేజీ సీటు వచ్చింది. ఆ పిల్ల కష్టపడి తెచ్చుకున్న సీటు. ఆ వార్త విన్న రోజు అన్నయ్య ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు, ఎదురుకానివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చెప్పాడు. మా ఊళ్ళో ఏడాది పొడుగునా చెమటలే. ఇక్కడ స్వెట్టరంటే పసిపిల్లలకు తొడిగి, ఫొటో తీసి, తర్వాత బీరువాలో పడేసే వస్తువు. మంచులో ఉండడానికి ఏం కావాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా సలహాలకు మాత్రం లోటు లేదు. ఒకావిడ వేడినీళ్ళ సంచీ అంది, ఒకాయన గొంగళ్ళు అన్నాడు, పక్కింటి ముసలాయన చెవుల్లో దూది పెట్టుకుంటే చాలని తేల్చేశాడు.

చివరికి వదిన ధైర్యం చేసి హాస్టల్ వార్డెన్‌కే ఫోన్ చేసింది. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. దళసరి కోటు ఒకటి. తడి దిగని బూట్లు, అవీ లావు సాక్సులు పట్టేలా ఒక సైజు పెద్దవి. ఒంటికి అంటుకుని ఉండే ఉన్ని లోదుస్తులు. టోపీలు, చేతి తొడుగులు రెండేసి జతలు, ఎందుకంటే ఒకటి తడిస్తే ఆరేదాకా ఇంకోటి కావాలి. గదుల్లో హీటర్లుంటాయి కాబట్టి లోపల తిరగడానికి పలచటి బట్టలు, చెప్పులు. పెదవులకు రాసుకునే క్రీము. తాళంకప్ప. అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడి, బళ్ళో పాఠం వింటున్న పిల్లాడిలా విన్నాడు.

అన్నీ కొన్నాక సర్దుడు మొదలైంది. పెద్ద ట్రంకు పెట్టె హాల్లో మధ్యన పెట్టుకుని కూర్చున్నాడు. కోటు అడుగున పరిచాడు, దానికి మించిన మెత్త ఏముందని. కోటు చేతుల్లోకి బూట్లు తోశాడు, బూట్లలోకి సాక్సులు కుక్కాడు. మేనకోడలు సాయం రాబోతే, "నువ్వు ముట్టుకోకు అమ్మడూ, నీ పని చదువు," అని పక్కకు తోసేశాడు. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ ఇంతే. అన్నయ్య గోదాములో పెట్టె మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. తాడు పట్టుకోవడానికి కూడా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఆ రోజూ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చుంది.

నేను ఊరుకోలేదు. "కోటు చేతిలో ఉంచుకోనీ అన్నయ్యా," అన్నాను.

"విడి సామాను రైల్లోనే పోతుంది. నాకు తెలియదా?"

"మరి చలేస్తే?"

"పెట్టె విప్పేది గదిలోకి వెళ్ళాకే కదా! ముందు కావలసినవన్నీ పైనే పెట్టాను. తాళం, దుప్పటి, సబ్బు, తువ్వాలు. ఎన్ని ఇళ్ళు మార్చానే నేను!"

ఇళ్ళు మార్చిన లెక్క తీశాడంటే ఇక మాట్లాడి లాభం లేదు. మర్నాడు పెట్టెకు తాడు బిగించి, తనే మోసుకెళ్ళి బెర్తు కింద దూర్చి, "ఈ పెట్టెకు ఏమీ కాదు," అని కూతురికి భరోసా ఇచ్చాడు. రైలు కదిలాక మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

ఆ తర్వాతి రోజు అన్నయ్య గడ్డం గీసుకుంటుండగా వదిన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వదిన పైకి చదివింది. "అమ్మా, కిటికీ బయట అంతా తెల్లగా ఉంది! వచ్చే స్టేషన్ మాదే. దిగి బస్సు కోసం బయట నిలబడాలి."

"కోటు వేసుకుని దిగమను," అన్నాడు అన్నయ్య అద్దంలోకి చూస్తూ.

వదిన ఆ ముక్కే కొట్టబోయి ఆగిపోయింది. "ఏవండీ, కోటు ఎక్కడ పెట్టారు?"

గీత మధ్యలో కత్తి ఆగిపోయింది. సగం చెంప నురగతో మా వైపు తిరిగాడు. "అడుగున," అన్నాడు.

వదిన ఇల్లు పీకి పందిరి వేసింది. పిల్ల నూలు డ్రెస్సుతో ఉంది, చలిజ్వరం వస్తే పరాయి ఊళ్ళో ఎవరు చూస్తారు, ఆ మాయదారి కప్పులు సర్దినట్టా కన్నకూతురికి సర్దేది, అని ఏకిపారేసింది. ఫోన్ చేస్తే కలవలేదు. మళ్ళీ చేసినా కలవలేదు. కొండల్లో సిగ్నల్ ఉండదని వార్డెన్ ముందే చెప్పింది.

అన్నయ్య మొహం కడుక్కోకుండానే గుమ్మంలో కూలబడ్డాడు. "సామానుకు చలేయదు కదే," అన్నాడు నాతో, మెల్లగా. "ఇన్నాళ్ళూ సామానునే పంపాను. ఇప్పుడు విప్పకపోతే పిల్ల బిగుసుకుపోతుంది. విప్పిందా, సగం ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతుంది. మొదటిరోజే నలుగురిలో నవ్వులపాలవుతుంది. నా వల్ల."

గర్వం దిగిపోయిన అన్నయ్యను చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా చూశాక, తువ్వాలు తెచ్చి చెంప మీది నురగ నేనే తుడిచాను.

భోజనాల వేళ దాటాక ఫోన్ మోగింది. వదిన స్పీకర్ పెట్టింది.

"చేరాను! గదిలో ఉన్నా," అంది పిల్ల.

"చలి వేసిందా తల్లీ?" అన్నాడు అన్నయ్య.

"దిగగానే పళ్ళు టకటకలాడిపోయాయి నాన్నా. పెట్టెను బెంచీ పక్కకు లాగి విప్పేశా."

"మొత్తమా?"

"మొత్తమే. కోటు అడుగునుంది కదా."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. "బయట ఏమేం ఉండిపోయాయి?"

"ఏమీ ఉండిపోలేదు."

"నాతో అబద్ధమాడకు. కోటూ బూట్లూ తీశాక అడుగున మెత్త పోయింది, పైదంతా పట్టు తప్పుతుంది. మళ్ళీ ఎలా కుదురుతుంది?"

"నువ్వు పెట్టినట్టు పెట్టలేదు నాన్నా. నువ్వు పెట్టింది తప్పు."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ మాట నేను రోజూ అంటూనే ఉంటాను గానీ, పనిచేసి చూపించి అన్నవాళ్ళు లేరు.

పిల్ల గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతోంది. "దుప్పటి అడుగుకు వేశా. పుస్తకాలు పడుకోబెట్టకుండా అంచుల వెంబడి నిలబెట్టా, గోడల్లా. సందుల్లో లోదుస్తులు చుట్టి దూర్చా. రెండో జత తొడుగులూ టోపీ కోటు జేబుల్లో పెట్టుకున్నా. బస్సు దిగేసరికి మొదటివి తడిసిపోయాయి, ఇవి వెంటనే పనికొచ్చాయి. నువ్వు గది ఒక్కటే చూసుకున్నావు, మధ్యలో దారి ఉందని మర్చిపోయావు."

"తాడు?"

"నీ ముడే. అది భలే ముడి, దాన్ని మార్చలేదు. ప్లాట్‌ఫాం మీద ఇంకో అమ్మాయి కలిసింది, తనదీ మా హాస్టలే, నా గదే. తన బ్యాగు జిప్పు పోయి అన్నీ కింద పడ్డాయి. అదీ నేనే సర్ది కట్టేశా. ఎవరు నేర్పారని అడిగింది."

"ఏమన్నావు?"

"ఎవరూ నేర్పలేదు, మా నాన్నను చూశానన్నా."

అన్నయ్య ఫోన్ దగ్గరికి జరిగాడు. "పెట్టె మళ్ళీ విప్పావా?"

"ఇంకా లేదు."

"ఫోన్ దాని దగ్గర పెట్టి, పెట్టెను అటూ ఇటూ కదుపు."

ఆ పని నాకు తెలుసు. ఏ పెట్టె కట్టినా లారీ ఎక్కించే ముందు చెవి ఆనించి ఊపుతాడు. లోపల చిన్న చప్పుడైనా వస్తే మొత్తం విప్పుతాడు. అక్కడ పిల్లలిద్దరూ రొప్పుతూ పెట్టెను కదపడం వినిపించింది. ఇక్కడ ముగ్గురం ఫోన్ మీదకు వంగిపోయాం. పెట్టెలోంచి ఏ చప్పుడూ రాలేదు.

"మళ్ళీ," అన్నాడు అన్నయ్య. మళ్ళీ కదిపారు. మళ్ళీ ఏమీ లేదు.

అన్నయ్య లేచాడు. సగం గీసిన గడ్డంతోనే, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడిచాడు. ఏం చేస్తాడోనని నేను వెనకే వెళ్ళాను. ఎదురింటి ఇస్త్రీ ఆయన బండి దగ్గర ఆగాడు.

"నేను తప్పు సర్దానయ్యా," అన్నాడు. "మా అమ్మాయి పట్టుకుంది. మంచులో నిలబడి మొత్తం విప్పి, సరిచేసి కట్టింది."

ఇస్త్రీ ఆయన చేతిలోని ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి తెల్లబోయి చూశాడు. "తప్పా? మీరా?"

"నేనే!" అన్నాడు అన్నయ్య, ఛాతీ విరుచుకుని, వీధి చివరిదాకా వినబడేలా.