కొల్లేరు పడవకు వెబ్‌సైటు

ఆక్రమణ అని చెప్పి అధికారులు చేపల చెరువు గట్టు కొట్టేశాక, అందులో పనిచేసే మా అన్నయ్యకు పడవ ఒక్కటే మిగిలింది. చలికాలంలో కొల్లేటికి పక్షులను చూడ్డానికి వచ్చేవాళ్లను అందులో తిప్పుదామనుకున్నాడు.

"ఓ వెబ్‌సైటు చేసిపెట్టమ్మా. నీకు కంప్యూటర్ వచ్చుగా," అన్నాడు. ఏలూరులో కాలేజీ ఆఫీసులో మార్కులు టైపు చేసే నాకు వచ్చింది అంతమాత్రమే.

వీడియోలు చూసి, కోడు రాయకుండా పేజీలు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. మొదటి పేజీ తెరిస్తే మంచుకొండల నడుమ నీలం రంగు సరస్సు కనిపించింది.

"ఇదెక్కడిదమ్మా?"

"దాంతోపాటే వచ్చిందన్నయ్యా. తీసేసి మనది పెట్టాలి."

తీయడానికే ఆ ఆదివారమంతా పట్టింది. ఏది నొక్కితే ఏది పోతుందో తెలియదు. ఒకసారి మెనూ మొత్తం మాయమైంది. చివరికి ఫోన్లో తీసిన గూడబాతుల ఫొటో పైన నిలబడింది. 'మా గురించి' పేజీలో ఏం రాయాలని అడిగాను.

"చెరువులో పనిచేసేవాణ్ణి, చెరువు పోయింది, పడవుంది అని రాయి." నేను టైపు చేశాక, "వద్దులే, చెరువు సంగతి తీసెయ్. జాలిపడి ఎవరూ రాకూడదు," అన్నాడు.

తీసేశాను. పేజీలో మిగిలిన రెండు ముక్కలు చదువుతుంటే అతని గురించి ఏమీ చెప్పనట్టే ఉంది.

సంక్రాంతి వెళ్లాక తాడేపల్లిగూడెం నుంచి ఒక టీచర్ సైటులో మెసేజ్ పెట్టారు. పిల్లలను తీసుకొస్తామన్నారు. అన్నయ్య పడవ కడిగి, ఎండ తగలకుండా పైన పట్టా కట్టాడు. వదిన మెత్తటి గోనెసంచులు మడిచి బల్లలమీద వేసింది. నేనూ బస్సెక్కి వెళ్లాను.

ముందురోజు వీచిన గాలికి గుర్రపుడెక్క మొత్తం కొట్టుకొచ్చి పడవ వెళ్లే కాలువను మూసేసింది. నీళ్లు కనబడలేదు. ఎటు చూసినా పచ్చగా, దట్టంగా ఆకులే. వ్యాను వచ్చేసరికి అన్నయ్య నడుములోతు దిగి, రెండు చేతులతో దాన్ని లాగి గట్టుమీద పడేస్తున్నాడు. లాగినచోట మళ్లీ వచ్చి కమ్ముకుంటోంది. పడవెక్కి గెడ వేసి తోశాడు. పడవ కదల్లేదు.

"కాసేపుంటే దారి చేస్తానండీ," అన్నాడు రొప్పుతూ.

"వద్దండీ, మీరు పైకి రండి. పర్లేదు, ఇంకోసారి వస్తాం," అన్నారు టీచర్ గారు మెల్లగా.

పిల్లలు గట్టుమీదే కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నారు. దూరంగా ఎగిరే కొంగలను చూపించి అన్నయ్య ఏదో చెప్పబోయాడు. తిండి ధ్యాసలో పిల్లలెవరూ వినలేదు. వాళ్లు మళ్లీ రాలేదు. డెక్క చలికాలం పోయేదాకా కదల్లేదు.

ఎండాకాలంలో అన్నయ్య భీమవరం వైపు ఎవరివో చెరువులకు కాపలాగా వెళ్లిపోయాడు. సైటులో ఇంకెవరో పడవ కావాలని అడిగితే అతనికి ఫోన్ చేశాను.

"లేదని చెప్పమ్మా."

"మరి సైటు ఉంచనా?"

"ఉంటే ఇలాగే అడుగుతుంటారు. అడిగినోళ్లకల్లా లేదని ఎన్నిసార్లు చెప్తావ్?"

వాళ్లకు జవాబు రాసి, ఒక్కొక్క పేజీ తీసేయడం మొదలుపెట్టాను. తీయడం ఇప్పుడు నాకు బాగానే వచ్చు. టీ చల్లారేలోగా అయిపోయింది.